ఒకే కొలత, నాలుగు గుమ్మాలు

మా నెల్లూరు జిల్లాలో, ఉదయగిరి దారిలో ఒక ఊళ్లో గుడి అరుగు మీద రాత్రిబడి నడిచేది. అంతమందికీ ఒకటే పెట్రోమాక్స్ లైటు. 1992లో ఒక రాత్రి ఆ వెలుగులో ఒకామె నేను రాసిన చిన్న పుస్తకం పట్టుకుని, అక్షరాల కింద వేలు కదుపుతూ గట్టిగా చదువుతోంది. ఎనిమిది నెలల కిందట ఆమెకు ఒక్క అక్షరమూ రాదు. రెండు పేజీలు బాగానే సాగాయి. మూడో పేజీలో వేలు ఆగిపోయింది. "ని... ర్జ... లీ..." అని మూడుసార్లు మొదలుపెట్టి వదిలేసింది.

"ఈ మాట నోట్లో తిరగడంలే టీచరమ్మా. ఏందిది?"

ఆ మాట 'నిర్జలీకరణం'. బేదులైనప్పుడు ఒంట్లో నీరంతా పోయి బిడ్డ నీరసించిపోవడం అని చెప్పాను.

"అట్టనే రాయగూడదా? మేమైతే బిడ్డ తోటకూర కాడ మాదిరి వాడిపోయిందంటాం."

చుట్టూ కూర్చున్నవాళ్లంతా తలూపారు.

నేను హైస్కూల్లో సామాన్యశాస్త్రం చెప్పేదాన్ని. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ పదాన్ని బోర్డు మీద రాసి, విడగొట్టి, అర్థం చెప్పి ఎన్నిసార్లు నేర్పానో లెక్కలేదు. వాళ్లకు పరీక్షలో ఆ పదం కావాలి. ఈమెకు కావలసింది ఒళ్లో బిడ్డను చూసి ముప్పును పోల్చుకోవడం. రెండు అవసరాలకూ నేను ఒకే మాట పంపాను. ఆ రాత్రి తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఆ ఒక్క విషయాన్నే రకరకాల వాళ్ల కోసం మళ్లీ మళ్లీ రాశాను. ఎవరి కోసం రాస్తే ఏది మారాలో, ఎవరి కోసం రాసినా ఏది మారకూడదో ఆ పనిలోనే తెలిసివచ్చింది.

అక్షరం కొత్తగా వచ్చినవాళ్లకు

జాతీయ సాక్షరతా మిషన్ 1988లో మొదలైంది. మా జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం 1991లో ఊపందుకుంది. వాచకాలు పూర్తయినవాళ్లకు చదువుకోవడానికి చిన్నచిన్న పుస్తకాలు కావాలి. అవి లేకపోతే వచ్చిన అక్షరాలు ఏడాది తిరిగేసరికి చెయ్యి జారిపోతాయి. అలాంటి పుస్తకాలు రాసే పనిలో నాలాంటి ఉపాధ్యాయులం కొందరం చేరాం.

పెద్దల చదువు బడిపిల్లల చదువులా 'అ ఆ'లతో మొదలవదు. తెలిసిన మాటతో, దాని బొమ్మతో మొదలై, ఆ మాటలోంచి అక్షరాన్ని విడదీసి చూపిస్తుంది. నాకు అంతవరకే తెలుసు. రాయడం మొదలుపెట్టాక మిగతాది నా పుస్తకం చదివినవాళ్ల వేళ్లు చూసి నేర్చుకున్నాను. వేలు ఎక్కడ ఆగితే అక్కడ నా తప్పుంది.

మన లిపిలో గుణింతం కొన్నిసార్లు పైన, కొన్నిసార్లు పక్కన ఉంటుంది, వత్తు కింద ఉంటుంది. అలవాటైన కన్ను ఇవన్నీ ఒక్క చూపులో ఏరుకుంటుంది. కొత్త కన్ను మాత్రం పక్కకు పోవాలో, కిందికి దిగాలో తెలియక తడబడుతుంది. కాబట్టి ఒక పంక్తిలో రెండు మూడు వత్తులకు మించి రానివ్వకూడదు. ఒక ఊపిరిలో చదవగలిగినంతే ఒక పంక్తి. పంక్తి చివర మాటను విరవకూడదు. 'తాగించబడవలెను' వంటివి నోటికీ రావు, చెవికీ ఎక్కవు. 'తాపండి' అంటే చాలు.

ఇంకొకటి నేను ఆలస్యంగా గ్రహించాను. మొదటి పుస్తకంలో 'చేతులు కడుగుకో, నీళ్లు కాచు' అని రాశాను. బడి అలవాటు. ఒక పెద్దావిడ పుస్తకం మూసి, "ఇది మమ్మల్ని నువ్వంటాదే" అంది. కోపం లేదు, కాస్త నొచ్చుకుంది. పిల్లల పుస్తకంలో 'నువ్వు' చనువు. నలుగురు బిడ్డల్ని పెంచి, కూలికెళ్లి ఇల్లు నడిపే మనిషిని పుస్తకం 'నువ్వు' అంటే చిన్నచూపు. రెండో ముద్రణలో ప్రతి క్రియనూ మార్చాను. విషయం ఒక్క ముక్క కూడా మారలేదు. కానీ పుస్తకం ఇంట్లోకి వచ్చే తీరు మారింది.

సీతమ్మ కథ చేసిన పని

ఎవరి కోసం రాస్తున్నామో వాళ్ల బతుకు ఆ రాతలో ఉంటే ఏమవుతుందో మా జిల్లాలోనే చూశాం. అక్షరాస్యతా వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉండేది. దాన్ని రాసినవాళ్లలో నేను లేను. సారా వల్ల చితికిపోయిన కాపురం కథ అది. మద్యపానం హానికరమని చెప్పే పాఠాలు బడిపుస్తకాల్లో అంతకుముందూ ఉన్నాయి. వాటిలో కాలేయం ఉండేది, నరాలు ఉండేవి. మొగుడు కూలి డబ్బు సారా అంగడిలో పోసి ఉత్త చేతులతో ఇంటికొచ్చే సాయంత్రం ఉండేది కాదు.

కలిగిరి మండలం దూబగుంటలో రాత్రిబడికి వచ్చే ఆడవాళ్లు ఆ పాఠం చదివి, మాట్లాడుకుని, మన ఊళ్లో సారా ఎందుకు ఆపలేమని లేచారు. ఆ ఊరి రోశమ్మ ముందుండి నడిపించారు. తమ ఊళ్లో సారా ఆపారు. వాళ్లు చేసిన పని ఆ తర్వాతి వాచకంలో పాఠమై మిగతా ఊళ్లకు వెళ్లింది. 1992లో ఉద్యమం జిల్లా అంతా అంటుకుని, జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధమూ వచ్చింది, తర్వాత 1997లో దాన్ని సడలించారు.

ఇదంతా ఒక్క పాఠం వల్లే జరిగిందని నేను అనను. కడుపుమంట అప్పటికే ఉంది, రోజూ ఒకచోట కూర్చునే రాత్రిబడి ఉంది. కానీ ఆ పాఠం ఆ ఆడవాళ్లను ఉద్దేశించి, వాళ్ల మాటల్లో, వాళ్ల ఇంటి సంగతి చెప్పింది. చదవగానే ఇది మన గురించే అనిపించింది. రాసేవాళ్లకు అంతకంటే పెద్ద పాఠం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

చెంబు మీద గీత

నా సొంత విషయానికి వస్తాను. బేదులు పట్టుకున్న బిడ్డకు ఇంట్లోనే తయారుచేసి తాపే ఉప్పు-చక్కెర నీళ్లు. కొలత ఇది: శుభ్రమైన నీళ్లు ఒక లీటరు, చక్కెర ఆరు టీ చెంచాలు, ఉప్పు అర టీ చెంచా. చెంచాను వేలితో చదును చేసి కొలవాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ అందుబాటులో ఉంటే అదే మేలు. ప్యాకెట్ దొరకని రాత్రి కోసం ఈ కొలత.

ఈ ఒక్క సంగతిని నేను నాలుగు రకాల వాళ్లకు రాశాను.

తల్లులకు రాసినప్పుడు 'లీటరు' దగ్గరే ఆగిపోయాను. వాళ్ల ఇళ్లలో సోల, తవ్వ, శేరు ఉన్నాయి. చెంబులున్నాయి, కానీ ఏ రెండు చెంబులూ ఒక కొలత కావు. 'ఒక చెంబెడు నీళ్లు' అని రాస్తే చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ అది అబద్ధం. చెంబు చిన్నదైతే ఉప్పు ఎక్కువవుతుంది. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు మేలు పోయి కీడు జరుగుతుంది. అప్పుడు ఒక పని చేశాం. ఆరోగ్య కార్యకర్త ఇంటికి వెళ్లినప్పుడు లీటరు నీళ్లు తీసుకెళ్లి, ఆ ఇంటి చెంబులో పోసి, నీళ్లు ఎక్కడికి వచ్చాయో అక్కడ మేకుతో గీత గీసేది. పుస్తకంలో 'గీత దాకా నీళ్లు పోయండి' అని రాశాను. ఉప్పు సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఇంకో పంక్తి: 'తాపే ముందు మీరు రుచి చూడండి. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు.' ఇది వైద్యులు ఎన్నో దేశాల్లో చెప్పే గుర్తే. దీనికి తూనిక అక్కర్లేదు. కన్నీళ్ల రుచి తెలియని తల్లి ఉండదు.

బడిపిల్లలకు రాసినప్పుడు ప్రశ్నతో మొదలుపెట్టాను. తోటకూర కాడ ఒకటి నీళ్లలో, ఒకటి ఎండలో పెట్టమన్నాను. సాయంత్రానికి రెండూ పక్కపక్కన పెట్టి చూడమన్నాను. చెల్లికో తమ్ముడికో బేదులైతే నాలుక ఎండిందా, కళ్లు లోపలికి పోయాయా చూడమన్నాను. పిల్లలకు చేతికి పని దొరికితే సంగతి బుర్రకెక్కుతుంది.

మగవాళ్లకు వేరే కరపత్రం రాయాల్సి వచ్చింది. తల్లి నీళ్లు కలిపి తాపబోతే, "ఉప్పునీళ్లతో ఏం తగ్గుతాది, సూది వేయించాలి" అని ఆపేది ఇంట్లో మగవాళ్లే. టీకొట్టు దగ్గర చేతిలో పెట్టే ఆ కరపత్రంలో మొదటి పంక్తి బస్సు గురించి. చివరి బస్సు వెళ్లిపోయాక బిడ్డకు జబ్బు చేస్తే తెల్లారేదాకా ఏం చేస్తారు అని. తెల్లారేదాకా నీళ్లు తాపుతూ ఉంటే ఆస్పత్రికి చేరేసరికి బిడ్డ నిలబడుతుంది అని.

ఇదే అనుభవం నాకంటే ముందే, నాకంటే ఎన్నో రెట్లు పెద్దగా బంగ్లాదేశ్‌లో ఒక సంస్థకు ఎదురైందని తర్వాత చదివి తెలుసుకున్నాను. దాని పేరు బ్రాక్. 1980 నుంచి 1990 దాకా దాని కార్యకర్తలు కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు నడిచివెళ్లి తల్లులకు ఉప్పు-బెల్లం నీళ్లు కలపడం నేర్పారు. అక్కడి కొలత అక్కడి చేతిది: మూడువేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరశేరు నీళ్లు. మొదట పది సంగతులు చెప్పేవారు. తల్లులకు అన్నీ గుర్తుండటం లేదని ఏడుకు తగ్గించారు. కార్యకర్త జీతం ఆమె ఎన్ని ఇళ్లు తిరిగిందన్న దాన్నిబట్టి కాక, తర్వాత వెళ్లి అడిగితే తల్లికి ఎంత గుర్తుందన్న దాన్నిబట్టి ఇచ్చారు. రాసే ప్రతివాళ్లకూ ఈ లెక్క వర్తించాలని నా కోరిక. నేర్చుకున్నా తల్లులు వాడటం లేదెందుకని చూస్తే, అక్కడా ఇంట్లో మగవాళ్లను వదిలేశారని తేలింది. అప్పుడు సంతల్లో, మసీదుల్లో మగవాళ్లతో మాట్లాడారు.

నాలుగోది పత్రికలో వ్యాసం. పత్రిక చదివేవాళ్లకు 'ఎలా'తో సరిపోదు, 'ఎందుకు' కావాలి. అందుకని 1971 సంగతి రాశాను. బంగ్లాదేశ్ యుద్ధంలో శరణార్థులు లక్షల్లో మన సరిహద్దు దాటి వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. రక్తనాళంలోకి ఎక్కించే సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, తినేసోడా కలిపి డ్రమ్ముల్లో నీళ్లు సిద్ధం చేయించి, రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నాలుగులోపుకు దిగాయి. (చాలా ఏళ్ల తర్వాత, 2022లో ఆయన కన్నుమూశాక, 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.) కలరా సోకిన పేగు కూడా గ్లూకోజుతో కలిసి వచ్చిన సోడియాన్ని లోపలికి తీసుకుంటుందనీ, ఆ రెండిటి వెంట నీరు వెళుతుందనీ వివరించాను. 1978లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఈ సంగతి ఆ శతాబ్దంలోనే అతి ముఖ్యమైన వైద్య విజయం కాగలదని భావించిందనీ రాశాను.

నాలుగు గుమ్మాలకు నాలుగు రాతలు. అరచెంచా ఉప్పు మాత్రం నాలుగింటిలోనూ అరచెంచాయే.

మనిషేదీ?

బొమ్మల సంగతి కూడా చెప్పాలి. తల్లుల పుస్తకానికి చేతులు కడుక్కునే బొమ్మ వేయించాం. మణికట్టు దాకా రెండు చేతులు, మీద నీటిధార. పట్నంలో అందరికీ నచ్చింది. ఊళ్లో ఒకామె ఆ పేజీ చూసి, "చేతులున్నాయి, మనిషేదీ?" అంది. పక్కనున్నామె, "తెగిన చేతుల్లా ఉన్నాయే" అంది. ముఖ్యమైన భాగాన్నే దగ్గరగా చూపడం మనకు సినిమా, పత్రికలు చూసి చూసి అలవాటైన పద్ధతి. ఆ అలవాటు లేని కంటికి అది మనిషిని నరికిన బొమ్మ. రెండోసారి మనిషిని పూర్తిగా వేయించాం. బావి గట్టు, గాబు, ఆమె చీర, పక్కన బిడ్డ. చేతుల్ని కాస్త పెద్దవిగా వేయించాం. అప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు.

బొమ్మను ఎవరు, ఎంత దూరం నుంచి, ఏ వెలుగులో చూస్తారన్నది చిత్రకారుడికి ఎంత పెద్ద ప్రశ్నో ఆ తర్వాత చేర్యాల వెళ్లినప్పుడు అర్థమైంది. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న ఆ ఊరి నకాషీ చిత్రకారులు తరతరాలుగా కథల పటాలు వేస్తున్నారు. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి ఆరబెట్టి, దాని మీద వరుసగా కథ గీస్తారు. పటం గజాల కొద్దీ పొడుగుంటుంది. దాన్ని విప్పుతూ, పాడుతూ కథ చెప్పేవాళ్లు వేరు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్తారు. డక్కలివాళ్లు మాదిగలకు జాంబపురాణం చెప్తారు. చాకలివాళ్లకు మడేలు పురాణం ఉంది. మందహెచ్చులవాళ్లు గొల్లలకు కాటమరాజు కథ చెప్తారు, వాళ్లకు పటానికి బదులు బొమ్మలు చేసిస్తారు. చేయి తిరిగిన చిత్రకారుడు ఒకడే. ఎవరికి వేస్తున్నాడో వాళ్ల మూలపురుషుడు, వాళ్ల పనిముట్లు, వాళ్ల దేవుడు ఆ పటంలోకి రావాలి. అవి సరిగా లేకపోతే ఆ కులం ఆ పటాన్ని తమదనుకోదు.

అక్కడ ఒక పెద్దాయన్ని వెనకంతా ఎరుపే ఎందుకు వేస్తారని అడిగాను. "రాత్రిపూట చూసేదమ్మా పటం. ఊరంత మంది కూసుంటరు. ఎనక కూసున్నోళ్లకు గూడ బొమ్మ కొట్టొచ్చినట్టు కనపడాలె గద" అన్నాడు. ఇప్పుడు కథ చెప్పేవాళ్లు తగ్గిపోయారు. కొనేవాళ్లు పట్నాల్లో గోడకు తగిలించుకుంటారు. అందుకని అవే చేతులు చిన్న చట్రంలో పట్టే పల్లె బతుకును వేస్తున్నాయి: కల్లు గీసే మనిషి, దంచే ఆడవాళ్లు, బోనం. గజాల పటంలో ఒక కథ నడుస్తుంది. చట్రంలో ఒక్క క్షణం నిలబడాలి. కూర్పంతా మళ్లీ ఆలోచించుకోవాలి. ఎర్రటి నేల, పక్కకు తిరిగిన ముఖం, పెద్ద కన్ను మాత్రం అలాగే ఉన్నాయి. ఆ పెద్దాయన పటం దగ్గరా, చిన్న చట్రం దగ్గరా ఒకే శ్రద్ధతో కూర్చోవడం చూశాను.

మన పత్రికల్లోనూ ఇలాంటి పెద్దలుండేవారు. కొడవటిగంటి కుటుంబరావు గారు 'చదువు' నవల రాసిన మనిషి. మధ్యతరగతి మనసుల్ని నిర్మొహమాటంగా విప్పిన కథకుడు. ఆయనే 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా 'చందమామ'ను నడిపారు. పిల్లల కోసమని తన తెలివిని తగ్గించి రాయలేదు. వాక్యాన్ని చిన్నది చేశారు, ఆలోచనను చేయలేదు. వడ్డాది పాపయ్య గారి కుంచె 'చందమామ' ముఖచిత్రాల మీదా నడిచింది, పెద్దలు చదివే 'యువ' మీదా నడిచింది. మా ఇంట్లో రెండూ వచ్చేవి. చిన్నప్పుడు ఒకటి చూశాను, పెద్దయ్యాక రెండోది చూశాను. రెండిట్లోనూ ఆ రంగులు ఆయనవేనని ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టాను.

తోడు

ఎవరికి తగ్గట్టు వాళ్లకు రాయడమంటే సరుకు పలచన చేయడమని చాలామంది అనుకుంటారు. నేనూ కొన్నాళ్లు అలాగే నమ్మాను. నాలుగు రాతల్లో 'ఎందుకు' అన్నది పత్రిక వ్యాసానికే దాచాను. తల్లులకు కొలత చాలు, కారణం భారమవుతుంది అనుకున్నాను. అది వాళ్ల తరఫున నేను చేసిన నిర్ణయం. వాళ్లను అడగలేదు.

ఒక మధ్యాహ్నం అదే ఊళ్లో, గుడి అరుగు మీదే, చెంబులో చక్కెర పోస్తుంటే, మొదటి రాత్రి నా పుస్తకం చదివినామె అడిగింది. "ఉప్పు సరే, ఒంట్లో ఉప్పు పోతాది కాబట్టి పోస్తారు. చక్కెర ఎందుకు? బిడ్డ తాగదనా?"

నేను చక్కెర రుచికని చెప్పి తప్పించుకుని ఉండవచ్చు. అప్పటికి పుస్తకంలో ఉన్నదీ అంతే. కానీ ఆమె కళ్లలో ఉన్నది తొమ్మిదో తరగతిలో ముందు బెంచీ పిల్ల కళ్లలో ఉండే ప్రశ్నే. అరుగు మీద వేలితో గీసి చెప్పాను. ఇది పేగు గోడ. జబ్బు చేసినప్పుడు ఉప్పు ఒక్కటే వస్తే ఈ గోడ సరిగా లోపలికి తీసుకోదు. చక్కెర వెంట వస్తే తీసుకుంటుంది. రెండూ లోపలికి పోతే వాటి వెంట నీళ్లు పోతాయి.

ఆమె కాసేపు ఆ గీత వంక చూసింది. "అయితే ఉప్పుకు చక్కెర తోడు. తోడు లేకుండా పోనీయరు" అంది.

పక్కనున్నవాళ్లకు ఆమే మళ్లీ చెప్పింది, ఆ మాటతోనే. ఆ రోజు తర్వాత ఆ ఊళ్లో చక్కెర తగ్గించి కలిపినవాళ్లను నేను చూడలేదు. కారణం తెలిసిన చెయ్యి కొలతను మరిచిపోదు. నేను బరువనుకుని వదిలేసినదే వాళ్లు గట్టిగా పట్టుకున్నారు.

తల్లుల పుస్తకం మూడో ముద్రణలో రెండు మార్పులు చేశాను. 'నిర్జలీకరణం' తీసేసి 'తోటకూర కాడలా వాడిపోతే' అని రాశాను. 'చక్కెర ఎందుకు?' అని ఒక కొత్త పేజీ చేర్చాను. తర్వాత పత్రిక వాళ్లు నా వ్యాసాన్ని మళ్లీ వేస్తామంటే, అందులోనూ ఒక పేరా తిరగరాశాను. సోడియం, గ్లూకోజు కలిసి వెళ్లడానికి శాస్త్రంలో ఉన్న పదం 'సహరవాణా'. మొదటిసారి అదే వాడాను. ఆ పదాన్ని అలాగే ఉంచి, దాని ముందు ఒక్క మాట పెట్టాను: తోడు. అంతదాకా చదివినవాళ్లకు 'సహరవాణా' దానంతట అదే అర్థమైపోయింది. ఆ మాటను అరుగు మీంచి పత్రికలోకి తెచ్చింది నేను. ఇచ్చింది మాత్రం, ఏడాది కిందటే అక్షరాలు నేర్చుకున్న ఆమె.